చిటికెన వేలి గోరు

చచ్చినోని కండ్లు చారెడంటరు. గా సామెత ఎందుకు పుట్టిందో నాకు మొన్న శుక్రారం మస్కట్ల, హమ్రియాల సమజైంది. హోటల్ మీద చిన్న హాలు, కుర్చీ మీద ఫోటో, ఫోటోకు దండ, అగర్బత్తుల పొగ. ఒకాయన లేసి ‘అజాతశత్రువు’ అన్నడు. ఇంకొకాయన ‘నిజాయితీకి నిలువుటద్దం’ అన్నడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నేను ఆఖరి వరుసల కూసున్న. తెలుగు సంఘం సెక్రటరీ వంగి నా చెవుల అన్నడు, “నువ్వు ఆయన చేతికింద పని నేర్చినోనివి. లేసి నాలుగు మంచి మాటలు చెప్పు.”

“నాలుగు చెప్త. ఐదోది చెప్పనిస్తవా?” అన్న.

ఆయనకు అర్థం గాలే. నవ్వి, భుజం తట్టి, ఇంకొకని దగ్గరికి పోయిండు. నేను చాయ్ గూడ ముట్టకుండ మెట్లు దిగి రూమ్ దిక్కు పోయే మబేలా బస్సెక్కిన. కోపానికే లేసొచ్చిన, ఏడుపుకు గాదు.

ఆయన పేరు రాయ. పేరు రాస్తె ఆయన పిల్లల మీదికి పోతది, వాళ్లేం పాపం చేసిన్రు? మా కంపెనీల అందరం సార్ అనేటోళ్లం. నేను ఇప్పుడు గూడ సారే అంట. తిట్టేటప్పుడు గూడ సారే అంట, అలవాటైపోయింది.

మంచి మాటలు ముందుగాల చెప్త, ఎగ్గొట్ట. గోదావరి దిక్కు మనిషి. బర్కా దగ్గర పంపు స్టేషన్ నుంచి లోపలి ఊర్లకు తాగే నీళ్లు తోలే లైన్లు మా కంపెనీ చూస్తుండె, గా లైన్ల మీద ఉండే మీటర్లకు పెద్ద ఇంజనీరు ఆయన. నేను ఆయన కింద టెక్నీషియన్ని. ఎండ ఎంత కాసినా చొక్కా గుండీ మెడ దాక పెట్టుకునేటోడు. చాయ్‌ని సాసర్ల వంపుకుని ఊదుకుంట తాగేటోడు, చప్పుడు పక్క రూమ్ దాక వినొస్తుండె. పొద్దుగాల సైట్‌కు రాంగనే ఎవ్వరినీ పలకరించకుండ సీదా పైపు దగ్గరికి పోయి దాని మీద అరచెయ్యి పెట్టి నిలబడేటోడు. జ్వరం చూసినట్టు. గప్పుడు గనక ఎవడన్న ‘గుడ్ మార్నింగ్ సార్’ అంటె వానికి ఆ పూటంత తిట్లే.

కుడిచేతి చిటికెన వేలికి గోరు పెంచుతుండె. మొదలు చూసినప్పుడు నేను ఈయనెవడో సోకులోడు అనుకున్న. తర్వాత తెలిసింది, అది ఆయన పనిముట్టు. పైపుకు మీటర్ బిగించాలంటె పైపు గోడకు సన్న తూటు పెట్టాలె. ఆ తూటు లోపలి అంచు ఎట్లుందో కంటికి కనపడదు. సార్ పైపు మూతి నుంచి చెయ్యి లోపలికి పెట్టి, చెంప ఇనుముకు ఆనిచ్చి, కండ్లు మూసుకుని, గా గోరుతోని అంచు చుట్టూ ఒక్క రౌండ్ తిప్పేటోడు. నున్నగ ఉంటె జేబుల నుంచి నీలం సుద్ద తీసి పైపు మీద టిక్కు కొట్టేటోడు. ఏమాత్రం గరుకున్నా, సుద్ద జేబుల్నే ఉండేది, నోరు మాత్రం బయటికొచ్చేది.

“గోడకి కన్నం పెట్టేవాడు దొంగైనా అయ్యుండాలి, ఇంజనీరైనా అయ్యుండాలి. నువ్వు రెండూ కావు కదయ్యా!” అనేటోడు. తూటును ఆయన బెజ్జం అంటడు, తిట్టేటప్పుడు మాత్రం కన్నం అంటడు.

సుద్ద టిక్కు లేని పైపు లైన్ల కూసోదు. మా సైట్ల అది రాతలేని చట్టం. క్రేన్ వచ్చి నిలబడ్డా సరే, ఫోన్ల మీద ఫోన్లు వచ్చినా సరే. గందుకే మాకు ఆయనంటె భయం, భయం కంటె ఎక్కువ గర్వం. వేరే కంపెనీ వాళ్లతోని చాయ్ తాగేటప్పుడు ‘మా సార్ వేలు పెట్టందె పైపు ఎక్కదు’ అని చెప్పుకునేటోళ్లం.

మీటర్ అద్దం మీద వేలితోని కొట్టి చూసే అలవాటు మనోళ్లందరికి ఉంటది, ముల్లు కదులుతదేమోనని. సార్ చూస్తె ఊకోడు. వచ్చి మన నొసటి మీద టకటక కొట్టేటోడు. “ఏం, నిజం చెప్పేవా? లేదు కదా? మరి దాన్నెందుకు కొడతావు? తప్పు దానిది కాదు నాయనా, బెజ్జానిది.”

ఇగ తూటు గురించి మొదలువెడితె ఆగడు. పెరుగన్నం కలుపుకుంట చెప్పేటోడు. పైపు నెత్తిన పెడితె గాలి బుడగ వచ్చి కూసుంటది, అడుగున పెడితె మడ్డి పేరుకుంటది, పక్కకు పెట్టు. వంపు తిరగంగనే పెట్టకు, నీళ్లు అప్పటికింక కల్లు తాగినోని తీర్గ తూలుకుంట వస్తుంటయి, జర దూరం నడిచి సుదారాయించినంక పెట్టు. వాలుగ పొడవకు, నిటారుగ పొడువు. పెద్దగ పెట్టకు. అన్నిటికంటె పాపిష్టిది మాత్రం బర్. డ్రిల్లు బయటి నుంచి దిగి లోపలికి పొడుచుకుని పోయినప్పుడు లోపలి అంచుకు సన్న ఇనుప పొర లేసి నిలబడతది, గదే బర్. దాన్ని గీకెయ్యకపోతె మీటర్ ఎంత మంచిదైనా అబద్ధమే చెప్తది.

నాకు అది నమ్మకం గాలేదు. గంత పెద్ద పైపుల, గోరంత పొర ఏం చేస్తది? ఒకనాడు పికప్‌ల బర్కా రోడ్డు మీద పోతున్నం, అడిగిన. సార్ మాట్లాడకుండ తన దిక్కు అద్దం జరంత దించిండు. దించిన సందు ముందు అంచుకు బయట అరచెయ్యి అడ్డం పెట్టిండు. డ్యాష్‌బోర్డు మీది టిష్యూ కాయితం లేసి సర్రున సందుల నుంచి బయటికి పోయింది. ఇంకో కాయితం పెట్టమన్నడు. ఈసారి చెయ్యి సందు ఎనుక అంచుకు పెట్టిండు. బయటి గాలి మొత్తం లోపలికి దూరి కాయితం వచ్చి నా మొఖానికి అతుక్కుంది.

“చూసేవా? ముందంచున అడ్డుంటే లాగేస్తుంది, వెనకంచున ఉంటే తోసేస్తుంది. లోపల కూర్చున్న నువ్వే మీటరువి. నీకు తెలిసిందల్లా ఆ సందు చెప్పిందే.” బండి పక్కకు ఆపించిండు. “ఇప్పుడు పెట్టు చెయ్యి.” నేను ముందు పెట్టిన, ఎనుక పెట్టిన. కాయితం కదల్లే. “అదీ సంగతి. ఆగి ఉన్నప్పుడు ఏ బెజ్జమైనా నిజమే చెప్తుంది. పారేటప్పుడు చెప్పాలి నాయనా, పారేటప్పుడు!”

గిట్ల నేర్పే మనిషి మళ్ల దొరుకుతడా? దొరకడు. నాకు జ్వరం వస్తె రూమ్‌కు వచ్చి స్టవ్ మీద జావ కాచి పోసిన మనిషి. మందులు తెచ్చిన మనిషి. నా బతాకా, ఈ దేశంల ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ ఆగితె ఆఫీసుల బల్ల గుద్ది కొట్లాడిన మనిషి. అయిపోయినయి మంచి మాటలు. నాలుగు కంటె ఎక్కువనే చెప్పిన.

ఇప్పుడు ఐదోది.

మా రూమ్‌ల పోశన్న ఉండె. ఆర్మూర్ దిక్కు మనిషి, నాకంటె పెద్దోడు, నన్ను తమ్మీ అని పిలుస్తుండె. బర్కా స్టేషన్‌ల పంపు ఆపరేటర్. నీళ్లు ఇటు నుంచి అటు పంపుడు ఆయన డ్యూటీ. నెమ్మదస్తుడు. ఒకరి సబ్బు ఒకరు వాడుకునే రూమ్‌ల గూడ ఆయన అడగందె ఉప్పు ముట్టకపోయేటోడు. స్టేషన్ గోడ పక్కనే ట్యాంకర్లు నింపే పాయింట్ ఉంటది. డ్రైవర్లు ‘భాయ్ భాయ్’ అనుకుంట వస్తరు, చాయ్ తెస్తరు. ఆయన చాయ్ తాగేటోడు గని, వాళ్లకు చుక్క నీళ్లు ఊరికె ఇడ్సేటోడు గాదు.

పంపే దగ్గర ఎంత నీరు పోతుందో కొలిచేటందుకు ఒక పైపు ఉంటది. నడుమల సన్నగ, రెండు దిక్కుల వెడల్పుగ. మేం నడుం పైపు అంటం. వెడల్పు కాడ ఒక తూటు, నడుం కాడ ఒక తూటు. నడుం కాడ నీళ్లు ఉరుకుతయి, అక్కడ ఒత్తిడి తగ్గుతది. రెండు తూట్ల నడుమ తేడా ఎంత ఎక్కువుంటె గంత ఎక్కువ నీరు పోతుందన్నట్టు. గా నడుం కాడి పాత తూటు తుప్పువట్టి మూసుకపోయింది. లైన్ ఆపి, పైపు విప్పి, పక్కకు కొత్త తూటు పెట్టాలె.

లైన్ ఆపుడంటె అటుపక్క ఊర్లకు నీళ్లు బంద్ అన్నట్టు. పై నుంచి ఒకటే ఒత్తిడి. వేరే టీమోడెవడో మొద్దుబారిన డ్రిల్లుతోని తూటు పొడిచిండు. పైపు చెక్క దిమ్మల మీద పండుకోబెట్టి ఉంది, సార్ కోసం చూస్తున్నం. సార్ పికప్ వచ్చింది, ఇంజన్ బంద్ చేయలే. ఒక చెవికి ఫోన్. ఫోన్ల ఆఫీసు పెద్దాయన ఎవరో అరుస్తున్నడు, ఆ అరుపు బయటికి వినొస్తుంది. సార్ కిటికీల నుంచి చెయ్యి సాపి, పైపు మీద నీలం సుద్దతోని టిక్కు కొట్టిండు.

“సార్, వేలు పెట్టలే,” అన్న నేను.

“చూసేనులే నాయనా, ఎక్కించెయ్,” అన్నడు. బండి పోయింది.

ఏం చూసిండు? బండి దిగకుండ, పైపు లోపల, కంటికి కనపడని అంచు. ఏం చూసిండు?

పైపు ఎక్కింది. నీళ్లు పారినయి. గప్పటి నుంచి మొదలైంది గోస. మా దిక్కు మీటర్ ఎక్కువ చూపిస్తది, అందుకునే దిక్కు ట్యాంకుల తక్కువ చేరుతది. నడుమల నీళ్లు ఏడికి పోతున్నయి? లైన్ పొడుగునా నడిచి చూసిన్రు, ఎక్కడ తడి లేదు. నీళ్లు ఆపి చూసిన్రు, రెండు తూట్లు ఒక్కటే మాట చెప్పినయి. మీటర్ విప్పి బల్ల మీద పరీక్ష పెట్టిన్రు, పాసయింది. కొత్త మీటర్ పెట్టిన్రు, అది గూడ గదే చూపించింది. మరి మీటర్ దొంగ గాదంటె దొంగెవడు? పక్కన్నే ట్యాంకర్ పాయింట్ ఉండె. పాయింట్ తాళం పోశన్న దగ్గర ఉండె. ఇంకేం కావాలె?

పోశన్నను డ్యూటీల నుంచి పక్కకు పెట్టిన్రు. రూమ్‌ల గోడకు ఆనుకుని కూసునేటోడు. “తమ్మీ, నీళ్లు అమ్ముకున్ననంట. నీళ్లు! మా ఊర్లనే మంచినీళ్లు అడిగినోనికి లేదనరు. నేను అమ్ముకుంటనా?” అనేటోడు. ఉద్యోగం పోతదని గాదు ఆయన బాధ. “తీసేస్తె తీసేయమను. దొంగ అని పంపొద్దని చెప్పు. ఇంటికి దొంగ పేరుతోని ఎట్ల పోవాలె?” గంతే అడిగిండు. ఆ మనిషి అడిగింది గదొక్కటే.

నాకు ఒకనాడు డ్యూటీ బండిల కిటికీ దించంగనే తట్టింది. గా టిక్కు. వేలు పెట్టని టిక్కు. నడుం కాడి తూటుకు నీళ్లొచ్చే దిక్కు అంచున బర్ ఉంటె, ఒత్తిడి ఉన్నదాని కంటె తక్కువ చూపిస్తది. తేడా పెద్దగైతది. పోని నీళ్లు పోయినట్టు చూపిస్తది. ట్యాంకుకు చేరకపోవుడేంది, అసలు పోతెనే గద చేరేది! నేను ఉరికి పోయి సార్‌కు చెప్పిన. నమ్ముతరో లేదో, నాకు ఆ రోజు సార్ మీద రవ్వంత అనుమానం గూడ లేదు. పోశన్న బతికిండు అనుకున్న.

సార్ నా మొఖం చూడకుండ విన్నడు. “సరే, విప్పిద్దాం,” అన్నడు. ముదీర్‌కు ఫోన్ చేసి లైన్ ఆపే టైమ్ అడిగిండు. ముదీర్ ఒమానీ, మా కంపెనీల అన్నిటికంటె పెద్ద మేనేజర్. నేను గూడ వచ్చి చూస్తనన్నడు.

ఎండ నెత్తిన ఉన్న టైమ్. పైపు మళ్ల చెక్క దిమ్మల మీదికి వచ్చింది. కూలోళ్లంత నీడకు పోయిన్రు. నేను, సార్ ఇద్దరమే. సార్ చొక్కా చేతి గుండీ విప్పి, చెయ్యి భుజం దాక లోపలికి పెట్టిండు. చెంప ఇనుముకు ఆనిచ్చిండు. ఇనుము కాలుతుంటది, గయినా ఆనిచ్చిండు. కండ్లు మూసుకున్నడు. నేను ఆయన మొఖమే చూస్తున్న. గోరు ఎక్కడ తట్టుకుందో నాకు ఆయన కనుబొమ్మలల్ల కనపడ్డది.

“ఉందా సార్?”

చెయ్యి బయటికి తీసిండు. “బండిలో టార్చి ఉంది, పట్రా నాయనా,” అన్నడు.

ఉరికిన. పండుగకు ఉరికినట్టు ఉరికిన. టార్చి తీస్తుంటె ఎనుక నుంచి చప్పుడు వినొచ్చింది. ఆకురాయి చప్పుడు. పదేండ్ల సంది గా పనిల ఉన్న, ఇనుము మీద ఆకురాయి పెడితె వచ్చే చప్పుడు నాకు తెల్వదా? తిరిగి చూసే వరకు సార్ చెయ్యి మళ్ల భుజం దాక లోపల ఉంది, మోచెయ్యి ఆడుతుంది.

“సార్! ఏం చేస్తున్నరు సార్!”

“అంచు కొంచెం గరుకుగా ఉంది,” అన్నడు. చెయ్యి ఆపలే.

నేను పోయి చెయ్యి పట్టి గుంజిన. మా ఊర్ల పెద్దోళ్ల మీద చెయ్యి వేసినోన్ని గాదు, ఆనాడు ఆ మనిషిని పట్టి గుంజిన. గప్పటికే అయిపోయింది. ఆకురాయి జేబుల వేసుకుని, పాత గుడ్డ లోపలికి పెట్టి తుడిచిండు. ఇనుప పొడి ఇసుకల పడ్డది, ఎండగాలి కొట్టుకపోయింది. పోశన్న దొంగ గాదని ఈ దేశంల చెప్పే సాక్షి అదొక్కటే ఉండె. దాన్ని గీకి, తుడిచి, గాలికి ఇచ్చిండు.

ముదీర్ వచ్చిండు. కాళ్ల దాక ఉండే తెల్ల దిష్‌దాష నలగకుండ ఎత్తి పట్టుకుని వంగి, టార్చి వేసి చూసిండు, వేలు పెట్టి చూసిండు. నేను ఆగలే. “బర్ ఉండె సాబ్, ఇప్పుడే గీకేసిండు, నేను చూసిన!” అని హిందీల అరిచిన. ముదీర్ చెడ్డోడు గాదు. నా మొఖంల మొఖం పెట్టి అడిగిండు, “తుమ్ దిఖావ్, హమ్ మానేగా.” చూపియ్యి, నమ్ముత అంటున్నడు. ఏం చూపియ్యాలె? ఇసుక చూపియ్యాల్నా?

ముదీర్ సార్ దిక్కు తిరిగి, తూటు ఎట్లున్నదని అడిగిండు.

సార్ మెడ గుండీ సదురుకున్నడు. “శుభ్రంగా ఉంది సర్,” అన్నడు ఇంగ్లీషుల. నా దిక్కు చెయ్యి చూపెట్టి, “కుర్రాడు, ఆపరేటర్‌కి రూమ్మేటు. బాధలో ఉన్నాడు,” అన్నడు. గా మాట ఎంత ప్రేమగ అన్నడో చెప్పలేను. గంత ప్రేమగ ఎవ్వరూ నన్ను అబద్ధాలకోరును చెయ్యలే.

ఇగ అసలు దరిద్రం వినుండ్రి. పైపు మళ్ల ఎక్కించినంక మీటర్ సరిగ చూపించవట్టింది. ఇటు ఎంత పోతె అటు గంతే చేరుతుంది. చేరదా మరి, బర్ పోయినంక! కంపెనీల మాత్రం ఏమన్నరు? ‘పోశన్నను పక్కకు పెట్టిన్నుంచి నీళ్లు పోతలేవు, చూసిన్రా?’ అన్నరు. సార్ చేసిన రిపేరే పోశన్న మీద రుజువైంది. ఖల్లాస్. దొంగ అని తేలిపోయింది.

పోశన్న ఆఖరిసారి సార్ దగ్గరికి పోయిండు. నేను గూడ ఉన్న. చేతులు కట్టుకుని నిలబడి, “సార్, మీరొక్క మాట చెప్తె అయిపోతది,” అన్నడు. గంతే. తిట్టలే, ఏడ్వలే. సార్ ఆయన భుజం మీద చెయ్యేసి, “ధైర్యంగా ఉండు నాయనా, అన్నీ సర్దుకుంటాయి,” అన్నడు. నాకు గప్పుడు ఆ చెయ్యిని భుజం మీది నుంచి తీసి పారేయాలనిపించింది.

పోశన్నను విమానం ఎక్కించి వచ్చిన మర్నాడు, తిండి టైమ్‌ల సార్ పికప్ తలుపు గుంజి తెరిచి పక్క సీట్ల కూసున్న. పెరుగన్నం డబ్బా నా దిక్కు జరిపిండు. నేను ముట్టలే.

“ఎందుకు గీకిన్రు సార్?”

“గరుకు తగిలితే నా చెయ్యి ఆగదు నాయనా. నీకు తెలుసు కదా.”

“చెయ్యి ఆగదు. మరి నోరెట్ల ఆగింది?”

“దాని మీద నా సుద్ద ఉందయ్యా,” అన్నడు. “ఈ వయసులో నన్ను తీసేస్తే మళ్లీ ఎవడు పెట్టుకుంటాడు?”

“పోశన్ననెవడు పెట్టుకుంటడు సార్?”

అన్నం ముద్ద చేతుల పట్టుకుని కూసున్నడు. తర్వాత అన్న మాట నేను చచ్చేదాక మర్సిపోను. “నేను అబద్ధం ఆడలేదు నాయనా. ముదీర్ అడిగేటప్పటికి అది శుభ్రంగానే ఉంది.”

అగో, గది! గా తెలివి మీద నాకు మంట. తప్పు చేసిండని గాదు, ఎవడు చెయ్యడు తప్పు? పై నుంచి అరుస్తుంటె టిక్కు కొట్టిండు, సరే. భయపడ్డడు, సరే. భయం ఎవనికి లేదు? నేను మన్నిస్తుంటి. గని ఆ రాత్రి నిద్ర పట్టేటందుకు తనకు తాను గా ముచ్చట తయారు చేసుకున్నడు చూడు, ‘నేను అబద్ధం ఆడలేదు’ అని. మీటర్ గూడ అబద్ధం ఆడలేదు సార్. మీటర్‌కు గూడ తూటు ఏం చెప్తె గదే చూపించింది. గా తూటును మీరు గోరు పెట్టి చూసినంకనే నీలం టిక్కు కొట్టేటోళ్లు గద?

నన్ను వేరే సైట్‌కు తోలిన్రు. మంచిదే అయింది, ఆయన మొఖం చూసే పని తప్పింది. సార్ మాత్రం అట్లనే ఉన్నడని వింటుంటి. గదే గోరు, గదే సుద్ద, గవే తిట్లు. కొత్త పోరగాండ్లకు కిటికీల నుంచి చెయ్యి పెట్టి కాయితాలు ఎగిరేసి చూపించేటోడంట. వాళ్లే మొన్న హాల్ల ముందు వరుసల కూసుని ఏడ్చిన్రు.

ఒక్కసారి మాత్రం, ఊరికి పోయేటోని చేతికి పోశన్నకని ఒక పెట్టె ఇచ్చి పంపిండు. పూతరేకులు. ఆ సంగతి పోశన్న నాకు ఫోన్ల చెప్పిండు. పెట్టె అందంగనే పెండ్లాంపిల్లలను ముట్టనియ్యలేదంట. తలుపు దగ్గరికి వేసి, ఒక్కొక్క పూతరేకు పొర పొర విప్పి చూసిండంట, నడుమల ఏమన్న చీటీ పెట్టిండేమో, ‘పోశన్న తప్పు లేదు’ అని రెండు ముక్కలు రాసిండేమోనని. చక్కెర, నెయ్యి తప్ప ఏం లేదు. “మిగిలిన పొడి పిల్లలు తిన్నరు తమ్మీ,” అని నవ్విండు. నాకు నవ్వు రాలే. నాకు ఫోన్ గోడకు కొట్టాలనిపించింది.

పోశన్న ఇప్పుడు ఊర్లనే ఉంటున్నడు. పక్క ఊరి నీళ్ల ట్యాంకు కాడ మోటర్ ఆన్ చేసి బంద్ చేసే పని పడితె, పోయి అడిగిండంట. సర్పంచ్ అందరి ముందట, “నీళ్ల కాడికి నిన్ను పెడితె ఎట్లనే పోశిగా?” అని నవ్విండంట. మస్కట్ ముచ్చట మస్కట్ల ఉంటదా? ఫోన్లున్నయి గద. ఇంటికి ఎవ్వరొచ్చినా ఆయన గా తూటు కథే మొదలువెడ్తడంట, బర్ అంటడు, నడుం పైపు అంటడు. వినేటోళ్లకు అర్థం గాదు. తలకాయ ఊపి పోతరు. దొంగకు ఎన్ని మాటలు అనుకుంటరో ఏమో.

హమ్రియా నుంచి రూమ్‌కు వచ్చినంక, చొక్కా గూడ మార్చకుండ పోశన్నకు ఫోన్ చేసిన. తిట్టాలని చేసిన, ఆయనతోని కలిసి గా మనిషిని కడుపునిండ తిట్టాలని.

“పోశన్నా, సార్ పోయిండు,” అన్న.

“అయ్యో,” అన్నడు. నాకు ఆ ‘అయ్యో’ మీద గూడ కోపం వచ్చింది. “ఏమై పోయిండు?”

“గుండె. దావఖాన్ల ఉండె గని, ఆఖరి దాక అందరితోని మాట్లాడిండంట.”

“అందరితోనా?” అన్నడు. “తమ్మీ… నా ముచ్చట ఎవ్వరితోనన్న అన్నడా?”

నేను హాల్ల విన్నయన్నీ మళ్ల తలుచుకున్న. అజాతశత్రువు. నిలువుటద్దం. ఒక్కడు గూడ పోశన్న పేరెత్తలే. ఉన్న మాట చెప్పాలె గద.

“లేదన్నా. ఎవ్వరితోని అనలే.”

ఫోన్ల ఆయన ఎనుక ఎవరో పిల్ల పుస్తకం చదువుతుంది. నేను తిట్లన్నీ నోట్ల పెట్టుకుని కూసున్న, ఒక్కటి గూడ బయటికి రాలే.

“అయితె,” అన్నడు పోశన్న, “నేను దొంగను గాదని తెలిసినోనివి ఇగ నువ్వొక్కనివే ఉన్నవు.” పెద్దోడు చిన్నోనికి చెప్పినట్టు అన్నడు, “ఎండల తిరుగుతవు, బండ్ల మీద పోతవు. పైలంగుండు తమ్మీ.”